సింగిల్స్ టైటిల్ లేని చాంపియన్లు: తొలితరం జర్మన్ టీటీ క్రీడాకారిణులపై అపోహలు – వాస్తవాలు

జర్మనీ తరఫున ఆడిన మహిళల్లో ఇప్పటిదాకా ఎవరూ టేబుల్ టెన్నిస్ ప్రపంచ సింగిల్స్ టైటిల్ గెలవలేదు. విజేతల జాబితా చూస్తే తెలిసేది ఇంతే. అందుకే మన దగ్గర తొలితరం మహిళల టీటీ గురించి మాట వస్తే హంగేరీ పేర్లు రెండు, రొమేనియా పేరు ఒకటి చెప్పి ఆపేస్తారు. కానీ అదే జర్మనీ 1928 నుంచి 1939 వరకు మహిళల ప్రపంచ సింగిల్స్ ఫైనల్‌కు ఐదుసార్లు చేరింది. డబుల్స్‌లో రెండు, జట్టుగా రెండు, మొత్తం నాలుగు ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. ఆ నాలుగు తప్ప జర్మన్ మహిళలకు ఈ రోజుకీ ఇంకో ప్రపంచ స్వర్ణం లేదు.

నేను టీటీ కోచ్‌ని. అంపైరింగ్ కూడా చేస్తాను. పాత రికార్డులు చదవడం, అందులోని సంగతులు మా పిల్లలకు చెప్పడం నాకు చాలా ఇష్టం. అలా చెబుతున్నప్పుడు పిల్లల నుంచి, వాళ్ల అమ్మానాన్నల నుంచి, క్విజ్‌లు తయారుచేసే మిత్రుల నుంచి మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒక్క మనిషి చుట్టూ తిరుగుతాయి. ఆమె పేరు అస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్. రెండుసార్లు ప్రపంచ ఫైనల్ ఆడింది, రెండుసార్లూ ఓడింది. ఆమె దాకా వెళ్లాలంటే కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

అపోహ: ఆ రోజుల్లో టీటీ అంటే భోజనాల బల్ల మీద ఆడుకునే కాలక్షేపం. ఎవరు పడితే వాళ్లు చాంపియన్ అయ్యేవారు.

వాస్తవం: కాలక్షేపంగా ఆడిన కాలం ఉంది, అది 1900 ప్రాంతం. మనం మాట్లాడుకుంటున్నది అది గడిచాక పాతికేళ్ల తర్వాతి సంగతి. జర్మనీ జాతీయ సమాఖ్య 1925లో బెర్లిన్‌లో ఏర్పడింది. 1926 జనవరిలో ఆ సమాఖ్యకు చెందిన గియోర్గ్ లేమన్ పిలుపుతో ఇంగ్లండ్, హంగేరీ, ఆస్ట్రియా ప్రతినిధులు బెర్లిన్‌లోనే కూర్చుని అంతర్జాతీయ సమాఖ్యకు పునాది వేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో లండన్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. తొమ్మిది దేశాలు ఆడాయి, వాటిలో ఇండియా కూడా ఉంది.

ఆడినవాళ్లు కూడా ఊరికే వచ్చినవాళ్లు కాదు. జర్మనీ జట్టులో ఆడిన డానియెల్ ప్రెన్ డేవిస్ కప్ స్థాయి టెన్నిస్ ఆటగాడు. 1929లో బుడాపెస్ట్‌లో పురుషుల సింగిల్స్ గెలిచింది ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడ్ పెర్రీ. ఆ పెర్రీయే తర్వాత 1934 నుంచి 1936 వరకు వరుసగా మూడుసార్లు వింబుల్డన్ గెలిచాడు. అంత ఒడుపున్న చెయ్యి ఉన్నవాళ్ల మధ్య జరిగిన ఆట అది.

మహిళలకు మాత్రం ఈ పోటీల తలుపులు ఒక్కసారిగా తెరుచుకోలేదు. 1926లో వాళ్లకు సింగిల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మాత్రమే ఉన్నాయి. మహిళల డబుల్స్ 1928లో స్టాక్‌హోమ్‌లో మొదలైంది. జట్టు కప్పు కోసం 1933 దాకా ఆగాల్సి వచ్చింది, మగవాళ్లకు అది మొదటి రోజు నుంచే ఉంది. ఒక జర్మన్ క్రీడాకారిణి ఖాతాలో పతకాలు తక్కువగా కనిపిస్తే, ఆమెకు దొరికిన పోటీలు ఎన్ని అని కూడా లెక్క వేయాలి.

అపోహ: జర్మన్ మహిళల విజయాలు 1930ల మధ్యలో మొదలయ్యాయి. అంతకుముందు అంతా హంగేరీదే.

వాస్తవం: హంగేరీ పట్టు మాత్రం నిజమే. మారియా మెద్న్యాన్‌స్కీ 1926 నుంచి 1931 వరకు జరిగిన ఐదు ప్రపంచ పోటీల్లోనూ సింగిల్స్ గెలిచింది. ఆ తర్వాత రెండుసార్లు అదే దేశానికి చెందిన అన్నా షిపోష్ గెలిచింది. మెద్న్యాన్‌స్కీ మొత్తం ప్రపంచ టైటిళ్లు పద్దెనిమిది. ఆమె ఉన్న డ్రాలో పేరు పడితే మిగతావాళ్లు రెండో స్థానం కోసం ఆడినట్టే ఉండేది.

అలాంటి రోజుల్లో 1928లో స్టాక్‌హోమ్ ఫైనల్‌లో ఆమె ఎదురుగా నిలబడింది జర్మనీకి చెందిన ఎరికా మెట్స్‌గర్. ఓడింది. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లో, అంటే మెద్న్యాన్‌స్కీ సొంత ఊళ్లో, మెట్స్‌గర్ తన సహచరి మోనా రూస్టర్‌తో కలిసి మహిళల డబుల్స్ గెలిచింది. ప్రపంచ పోటీల్లో జర్మన్ మహిళల తొలి స్వర్ణం అదే.

ఆ పతకం విలువ తెలియాలంటే దానికి ముందూ వెనకా ఉన్న వరుసలు చూడాలి. 1928లో డబుల్స్ గెలిచింది మెద్న్యాన్‌స్కీ, ఆస్ట్రియా అమ్మాయి ఫాంషెట్ ఫ్లామ్ జంట. 1930 నుంచి 1935 వరకు ఏటా గెలిచింది మెద్న్యాన్‌స్కీ, షిపోష్ జంట. అంటే మహిళల డబుల్స్ మొదలైన మొదటి ఎనిమిదేళ్లలో మెద్న్యాన్‌స్కీ పేరు లేని ఏడాది ఒక్కటే ఉంది. ఆ ఒక్క ఏడాదిలో మెట్స్‌గర్, రూస్టర్ ఉన్నారు. అదీ హంగేరీ ప్రేక్షకుల ముందు. నా దృష్టిలో ఆ దశాబ్దంలో ఏ దేశం గెలిచిన డబుల్స్ టైటిలైనా దీని తర్వాతే.

అపోహ: మోనా రూస్టర్, మోనా ముల్లర్ ఇద్దరు వేర్వేరు క్రీడాకారిణులు.

వాస్తవం: ఒక్కరే. రికార్డుల్లో కొన్ని చోట్ల రూస్టర్, కొన్ని చోట్ల ముల్లర్, ఇంకొన్ని చోట్ల ముల్లర్-రూస్టర్ అని ఉంటుంది. 1929 డబుల్స్ స్వర్ణం, 1931లో బుడాపెస్ట్‌లో మెద్న్యాన్‌స్కీ మీద ఆడిన సింగిల్స్ ఫైనల్, ఆ తర్వాత జట్టు కప్పు, ఇవన్నీ ఒకే మనిషివి. పేర్లు విడివిడిగా రాసిపెట్టుకుంటే ఒక పెద్ద కెరీర్ మూడు చిన్న ముక్కలైపోతుంది.

ఇది ఆమె ఒక్కరి సమస్య కాదు. పెళ్లితో ఇంటిపేరు మారిన ప్రతి క్రీడాకారిణికీ ఈ నష్టం జరిగింది. రొమేనియాకు చెందిన ఆంజెలికా రొజియాను 1930ల పోటీల్లో ఆడెల్‌స్టీన్ అనే ఇంటిపేరుతో ఉంటుంది. తొలితరం మహిళల పట్టికలు తయారుచేసేవాళ్లు ముందు పేర్లు కలపాలి, తర్వాత పతకాలు లెక్కపెట్టాలి. మగవాళ్ల పట్టికల్లో ఈ పని దాదాపు అవసరం పడదు.

అపోహ: అస్ట్రిడ్ క్రెబ్స్‌బాఖ్ రెండుసార్లు ఫైనల్లో ఓడింది కాబట్టి రెండో వరుస క్రీడాకారిణి.

వాస్తవం: దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఫైనల్లో ఓడినవాళ్లను మనం మరిచిపోయే తీరు నాకు కోచ్‌గా చాలా బాధ కలిగిస్తుంది. జిల్లా స్థాయిలో రన్నరప్‌గా వచ్చిన పిల్లను ఇంటికి వెళ్లే దారంతా తిట్టే తల్లిదండ్రులను చూస్తూనే ఉంటాం.

మొదటి ఫైనల్ పారిస్‌లో, 1933 డిసెంబర్‌లో. అప్పటివరకు జరిగిన ప్రతి ప్రపంచ పోటీలోనూ మహిళల సింగిల్స్ గెలిచింది హంగేరీయే. పారిస్‌కు కూడా మెద్న్యాన్‌స్కీ, షిపోష్ ఇద్దరూ వచ్చారు, డబుల్స్ గెలిచారు. కానీ సింగిల్స్ ఫైనల్లో ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఆడింది చెకోస్లొవాకియాకు చెందిన మారీ కెట్నెరోవా, జర్మనీకి చెందిన క్రెబ్స్‌బాఖ్. హంగేరీ క్రీడాకారిణి లేకుండా జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ ఫైనల్ అది. కెట్నెరోవా గెలిచింది. హంగేరీ యుగం ముగిసిందని చెప్పిన మ్యాచ్‌కు రెండు వైపులా ఇద్దరు ఉన్నారు, చరిత్ర మాత్రం ఒక్కరి పేరే గుర్తుపెట్టుకుంది.

కెట్నెరోవా ఏమైనా అదృష్టం కొద్దీ గెలిచిందా? కాదు. 1935లో లండన్ వెంబ్లీలో కూడా ఆమే గెలిచింది. అలాంటి ప్రత్యర్థి చేతిలో ఫైనల్లో ఓడడాన్ని చిన్నచూపు చూడడానికి ఏముంది?

ఇక జట్టు పోటీ. సరిగ్గా ఆ పారిస్ పోటీల్లోనే మహిళల జట్లకు మొదటిసారి కప్పు పెట్టారు. ఫ్రాన్స్ సమాఖ్య అధ్యక్షుడు మార్సెల్ కార్బిలాన్ ఇచ్చిన కప్పు కావడంతో దానికి ఆయన పేరే వచ్చింది. ఆ మొదటి కార్బిలాన్ కప్పు గెలిచింది జర్మనీ. క్రెబ్స్‌బాఖ్‌తో పాటు అనీటా ఫెల్గూట్, మోనా ముల్లర్ ఆ జట్టులో ఉన్నారు. నాలుగేళ్ల ముందు బుడాపెస్ట్‌లో డబుల్స్ గెలిచిన రూస్టర్‌ను ఇక్కడ ముల్లర్‌గా మళ్లీ చూస్తాం. ఇప్పుడు చైనా, జపాన్, ఇండియా అమ్మాయిలు ప్రపంచ జట్టు పోటీల్లో ఆడేది ఆ కప్పు కోసమే. నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్ ఉండే కార్బిలాన్ పద్ధతిలో మన దగ్గర కూడా జట్టు మ్యాచ్‌లు ఆడినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ కప్పు మీద మొదటి పేరు జర్మనీదని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

రెండో ఫైనల్ 1936 మార్చిలో, ప్రాగ్‌లో. ఈసారి ఎదురుగా పదిహేడేళ్ల అమెరికన్ అమ్మాయి రూత్ ఆరన్స్. ఆరన్స్ గెలిచింది. పురుషుల్లో గానీ మహిళల్లో గానీ అమెరికాకు దక్కిన మొట్టమొదటి ప్రపంచ సింగిల్స్ టైటిల్ అది.

ఒక ఫైనల్‌కూ ఇంకో ఫైనల్‌కూ మధ్య రెండేళ్లకు పైగా ఎడం. ఈలోపు ప్రత్యర్థులు మారిపోయారు, హంగేరీ తరం వెనక్కి తగ్గింది, చెక్ అమ్మాయిలు ముందుకొచ్చారు, అమెరికా నుంచి కొత్తవాళ్లు దిగారు. రెండు ఫైనల్స్‌లోనూ ఉన్నది క్రెబ్స్‌బాఖ్ ఒక్కతే. ఒక్క టోర్నమెంట్‌లో ఫామ్ కలిసొచ్చి ఫైనల్‌కు చేరడం వేరు. తరం మారినా అక్కడే నిలబడగలగడం వేరు. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఎవరైనా అలా నిలబడితే, టైటిల్ వచ్చినా రాకపోయినా, నేను అడిగేది ఇంకేమీ ఉండదు.

అపోహ: కార్బిలాన్ కప్పు 1934లో గెలిచారు కదా, 1933 అని రాయడం తప్పు.

వాస్తవం: రెండూ కనిపిస్తాయి, రెండూ ఒకే పోటీ గురించే. పారిస్ పోటీలు 1933 డిసెంబర్‌లో జరిగాయి, కానీ సీజన్ లెక్క ప్రకారం రికార్డుల్లో 1934 అని నమోదయ్యాయి. క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే చాలు. లేకపోతే క్రెబ్స్‌బాఖ్ మూడు ఫైనల్స్ ఆడిందని లెక్క తేలుతుంది.

అపోహ: అప్పటి మహిళలు పుష్ చేస్తూ గంటల తరబడి బంతిని అటూ ఇటూ తోసేవారు. అటాక్ చేసే నైపుణ్యం లేదు.

వాస్తవం: ఇది టెక్నిక్ తెలియక అనే మాట. ఒక కోచ్‌గా దీనికి జవాబు చెప్పడం నాకు చాలా ముఖ్యం.

అప్పటి బ్యాట్ చెక్క, దాని మీద గింజల్లాంటి పింపుల్స్ ఉన్న పల్చటి రబ్బర్. మధ్యలో స్పాంజ్ లేదు. స్పాంజ్ బ్యాట్‌తో ప్రపంచాన్ని మొదట కంగారు పెట్టింది జపాన్‌కు చెందిన హిరోజీ సాటో, అది 1952లో మన బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో. అంతకుముందు తరానికి బంతిని లోపలికి తీసుకుని విసిరే రబ్బర్ లేదు. ఇవాళ్టి పిల్లలు లూప్ (బంతిని బాగా తిప్పుతూ కొట్టే షాట్) కొడితే బంతి వంగి టేబుల్ మీద పడుతుంది. ఆ రబ్బర్‌తో ఆ వంపు రాదు. గట్టిగా కొట్టిన బంతి దాదాపు నేరుగానే పోతుంది.

దీనికి నెట్ ఎత్తు కలపండి. 1930ల మధ్య వరకు నెట్ ఎత్తు సుమారు 17 సెంటీమీటర్లు. ఇప్పుడు 15.25. దాదాపు రెండు సెంటీమీటర్ల తేడా. చూడ్డానికి చిన్నదే, కానీ వంపు తిరగని బంతిని ఎత్తైన నెట్ దాటించి అవతలి అంచు లోపల దించాలంటే, బంతి బాగా పైకి లేచే దాకా ఆగాలి. తక్కువ ఎత్తులో వచ్చిన బంతిని స్మాష్ చేస్తే నెట్‌కు తగులుతుంది, లేదా టేబుల్ దాటి పోతుంది. కాబట్టి తెలివైన క్రీడాకారిణి ఏం చేస్తుంది? ప్రత్యర్థి బంతిని పైకి లేపే దాకా లోతుగా, తక్కువ ఎత్తులో, ఒక్క తప్పు లేకుండా ఆడుతూ పోతుంది. ఓపిక వాళ్ల స్వభావం అనుకోవద్దు, ఆ పరికరాలతో గెలవడానికి ఉన్న సరైన దారి అది.

స్పాంజ్ లేని బ్యాట్ ఇచ్చి మా పిల్లలతో ఆడించినప్పుడు ఇది వాళ్లకే అర్థమవుతుంది. జిల్లా స్థాయిలో బాగా అటాక్ చేసే పిల్ల కూడా కాసేపట్లోనే పుష్, చాప్ (బంతిని కిందికి కోసినట్టు తిప్పికొట్టడం) మొదలుపెడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఆ బ్యాట్‌తో ఆడితే కాళ్ల కదలిక దానంతటదే మెరుగుపడుతుంది. రబ్బర్ సాయం చేయదు కాబట్టి మనిషే బంతి దగ్గరికి వెళ్లాలి.

హైదరాబాద్‌కు చెందిన సయీద్ సుల్తానా 1949 నుంచి వరుసగా ఆరేళ్లు జాతీయ చాంపియన్‌గా నిలిచింది కూడా ఈ రకం బ్యాట్ల కాలంలోనే. పింపుల్స్ ఆట పూర్తిగా పోలేదు కూడా. మన ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్ వైపు పింపుల్స్ రబ్బరే వాడుతుంది, దానితోనే పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది. ఆమె రబ్బర్ కింద స్పాంజ్, నెట్ ఎత్తు, సర్వీస్ నియమాలు అన్నీ వేరు. అయినా ప్రత్యర్థి స్పిన్‌ను పనిచేయనివ్వకుండా లయ చెడగొట్టే ఆలోచన ఆ పాత ఆటకు దగ్గరిదే.

గంటల తరబడి ర్యాలీలు సాగాయన్నది మాత్రం అబద్ధం కాదు. క్రెబ్స్‌బాఖ్ ఫైనల్ ఆడిన ఆ ప్రాగ్ పోటీల్లోనే పురుషుల జట్టు మ్యాచ్‌లో అలెక్స్ ఎర్లిక్, ఫార్కాస్ పానెత్ మధ్య మొదటి పాయింట్ రెండు గంటలు దాటింది. ఆడవాళ్లను ఎత్తిపొడిచేవాళ్లు ఆ మ్యాచ్ ఆడింది ఇద్దరు మగవాళ్లని గమనించాలి. ఆ అనుభవం తర్వాతే నెట్ తగ్గించారు, మ్యాచ్‌కు కాలపరిమితి కఠినంగా పెట్టారు.

ఆ పరిమితికి మొదట బలైంది మహిళలే. 1937లో ఆస్ట్రియాలోని బాడెన్‌లో ఫైనల్ రూత్ ఆరన్స్‌కు, వియన్నాకు చెందిన పదిహేడేళ్ల ట్రూడె ప్రిట్సికి మధ్య జరిగింది. గంటా నలభై ఐదు నిమిషాల గడువు దాటినా తేలలేదు. ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించి ఆ ఏడాది టైటిల్ ఖాళీగా వదిలేశారు. 2001లో గానీ అంతర్జాతీయ సమాఖ్య ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా గుర్తించలేదు. అప్పటికి ఇద్దరూ బతికి లేరు. ఒక అంపైర్‌గా చెబుతున్నాను, ఆడుతున్నవాళ్లిద్దరినీ ఓడించే నియమం మంచి నియమం కాదు. ఇప్పుడు మనకు ఎక్స్‌పెడైట్ పద్ధతి ఉంది. పది నిమిషాల్లో గేమ్ తేలకపోతే, అప్పటికి పద్దెనిమిది పాయింట్లు కూడా రాకపోతే, సర్వీస్‌లు ఒక్కొక్కటిగా మారుతాయి. రిసీవర్ పదమూడుసార్లు బంతిని తిప్పికొడితే పాయింట్ రిసీవర్‌దే. పాయింట్ ఎవరిదో ఒకరిదవుతుంది, మ్యాచ్ ఖాళీగా మిగలదు.

అపోహ: అంత గొప్పవాళ్లయితే ఒలింపిక్ పతకాలు ఉండాలి కదా.

వాస్తవం: టేబుల్ టెన్నిస్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1988లో, సియోల్‌లో. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది క్రెబ్స్‌బాఖ్ ప్రపంచ ఫైనలిస్ట్. సొంత దేశంలో అంత పెద్ద పండుగ జరుగుతుంటే ఆమె ఆటకు అందులో చోటు లేదు.

అపోహ: ఆటకూ రాజకీయాలకూ సంబంధం లేదు. పతకాల గురించి మాట్లాడితే చాలు.

వాస్తవం: ఆ పదేళ్ల జర్మన్ క్రీడల గురించి అలా మాట్లాడడం కుదరదు. 1933 జనవరిలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. కొన్ని నెలల్లోనే యూదు క్రీడాకారులను క్లబ్బుల నుంచి, జాతీయ జట్ల నుంచి తొలగించారు. పైన చెప్పిన డానియెల్ ప్రెన్ అలా జర్మనీ డేవిస్ కప్ జట్టు నుంచి పోయినవాడే, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. మొదటి కార్బిలాన్ కప్పు అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. ఆ అమ్మాయిలు టేబుల్ దగ్గర సాధించినదాన్ని నేను తగ్గించను. వాళ్లతో పాటు ఆడే హక్కు పోగొట్టుకున్నవాళ్లను చెప్పకుండా ఆ కప్పు కథ చెప్పడానికి కూడా ఒప్పుకోను. పిల్లలకు చెప్పినప్పుడు రెండూ చెబుతాను.

1936 ఫైనల్లో క్రెబ్స్‌బాఖ్‌ను ఓడించిన రూత్ ఆరన్స్ యూదు కుటుంబానికి చెందిన అమ్మాయి. అది బెర్లిన్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు. దీని మీద క్రెబ్స్‌బాఖ్ ఏమనుకుందో కథలు అల్లే అవసరం మనకు లేదు. ఇద్దరు మంచి క్రీడాకారిణులు ఒక టేబుల్‌కు అటూ ఇటూ నిలబడ్డారు, వాళ్ల చుట్టూ యూరప్ ఎలా ఉందో తేదీలే చెబుతాయి.

అపోహ: ట్రూడె ప్రిట్సి జర్మనీ ప్రపంచ సింగిల్స్ చాంపియన్.

వాస్తవం: ఈ తప్పు చాలా చోట్ల చూశాను. దీన్ని విప్పాలంటే తేదీలు దగ్గర పెట్టుకోవాలి. ప్రిట్సి 1938 జనవరిలో వెంబ్లీలో సింగిల్స్ గెలిచింది, ఆస్ట్రియా తరఫున. మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. 1939 మార్చిలో కైరో పోటీల్లో ఆమె జర్మనీ పేరుతో ఆడింది. అక్కడ హిల్డె బుస్‌మాన్‌తో కలిసి డబుల్స్ గెలిచింది, అదే బుస్‌మాన్‌తో జర్మనీకి రెండో కార్బిలాన్ కప్పు తెచ్చింది. సింగిల్స్‌లో మాత్రం ఫైనల్లో చెక్ క్రీడాకారిణి వ్లాస్టా డెపెట్రిసోవా చేతిలో ఓడింది. అంటే ఆమె సింగిల్స్ కిరీటం ఆస్ట్రియాది, జర్మనీ పేరు మీద ఉన్నవి డబుల్స్, జట్టు స్వర్ణాలు. యుద్ధం అయ్యాక 1947లో పారిస్‌లో ఆమె మళ్లీ ఆస్ట్రియా క్రీడాకారిణి. హంగేరీకి చెందిన గిజెల్లా ఫార్కాస్ జోడీగా మహిళల డబుల్స్ గెలిచింది.

ఆ కైరో పోటీలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. ప్రిట్సిలాగే వియన్నాలో పెరిగిన రిచర్డ్ బెర్గ్‌మన్ 1937లో ఆస్ట్రియాకు పురుషుల సింగిల్స్ గెలిచాడు. అతను యూదుడు. దేశం జర్మనీలో కలిశాక ఇంగ్లండ్‌కు పారిపోయాడు. 1939లో కైరోలో సింగిల్స్ గెలిచింది ఆ బెర్గ్‌మనే, ఈసారి ఇంగ్లండ్ తరఫున. పురుషుల డబుల్స్ కూడా గెలిచాడు, జోడీ హంగేరీలో పుట్టిన యూదు ఆటగాడు విక్టర్ బర్నా. ఒకే ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ప్రపంచ చాంపియన్లు, ఏడాది తిరిగేసరికి ఒకరు జర్మనీ జెర్సీలో, ఒకరు ఇంగ్లండ్ జెర్సీలో.

ప్రిట్సిని ఓడించిన డెపెట్రిసోవా సంగతి కూడా చూడండి. కైరో పోటీలు ముగిసిన వారం లోపే, మార్చి 15న, జర్మన్ సైన్యం ప్రాగ్‌లో అడుగుపెట్టింది. ఏ దేశం తరఫున ఆమె టైటిల్ గెలిచిందో ఆ దేశమే చెదిరిపోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ప్రపంచ పోటీలే లేవు. బుస్‌మాన్ గానీ ఆమె తరంలోని మిగతావాళ్లు గానీ తమ ఆట ఎంత దూరం వెళ్లేదో తెలుసుకునే అవకాశం అక్కడితో పోయింది. పారిస్‌లో మళ్లీ పోటీలు మొదలైనప్పుడు జర్మనీ అక్కడ లేదు.

అపోహ: ఇవాళ్టి సాధారణ రాష్ట్ర స్థాయి అమ్మాయి కూడా వాళ్లను సులువుగా ఓడిస్తుంది.

వాస్తవం: ఎవరి బ్యాట్‌తో? ఏ నెట్ మీద? ఏ బంతితో? అప్పటి బంతి 38 మిల్లీమీటర్ల సెల్యులాయిడ్, ఇప్పటిది 40 దాటిన ప్లాస్టిక్. గేమ్ 21 పాయింట్లకు, సర్వీస్ ఐదేసి చొప్పున. ఇవాళ్టి అమ్మాయికి ఆ సరంజామా ఇస్తే ఆమె ఆయుధాల్లో సగం పోతాయి. మెట్స్‌గర్‌కు ఇవాళ్టి రబ్బర్ ఇస్తే మొదటి సర్వీసే అర్థం కాదు. ఈ పోలిక వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

అపోహ: 1939 తర్వాత జర్మన్ మహిళలు ప్రపంచ సింగిల్స్ ఫైనల్ దాకా ఎప్పుడూ రాలేదు.

వాస్తవం: వచ్చారు, ఒక్కసారి. 1969లో మ్యూనిక్ ప్రపంచ పోటీల్లో తూర్పు జర్మనీకి చెందిన గాబ్రియేలె గైస్లర్ సింగిల్స్ ఫైనల్ ఆడి జపాన్‌కు చెందిన తోషికో కొవాదా చేతిలో ఓడింది. మెట్స్‌గర్, ముల్లర్-రూస్టర్, క్రెబ్స్‌బాఖ్, జర్మనీ జెర్సీలో ప్రిట్సి, ఆ తర్వాత గైస్లర్. ఐదుగురు, ఆరు ఫైనల్స్. మీ అకాడమీ గోడ మీద ప్రపంచ చాంపియన్ల పట్టిక ఉంటే, రన్నరప్‌ల కోసం పక్కన ఇంకో గడి గీయించండి. ఈ ఐదు పేర్లూ అందులో ఉంటాయి.